లెక్క అడిగినవాడికి భయభక్తులు లేనట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారు మా ఊరి సంఘంలో ముప్పై ఏళ్లు పెద్దగా ఉన్నారు. చిన్నప్పుడు నేను తప్పు చేస్తే చింతబరికె చేతపట్టుకొని, ‘యెహోవాయందు భయభక్తులు కలిగియుండుట తెలివికి మూలము’ అని నాచేత చెప్పించి మరీ కొట్టేవారు. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నేను వెళ్లే సంఘంలో కొత్త మందిరం కోసం రెండేళ్లుగా చందాలు వసూలు చేస్తున్నారు. వాటి లెక్క చూపమని కమిటీలో అడిగాను. మరుసటి ఆదివారం ప్రసంగంలో నా పేరు ఎత్తకుండానే, ‘వినయం లేనివాడికి దేవుని భయం ఉండదు’ అన్నారు. అందరూ నావైపు చూశారు. నేను మాట్లాడలేదు. మా సంఘంలో నిజంగా దేవునికి భయపడేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో అనిపిస్తోంది. ఆ రోజు ఇంటికి వచ్చాక పన్నెండేళ్ల మా అమ్మాయి, ‘నాన్నా, దేవుడికి భయపడాలా, దేవుణ్ణి ప్రేమించాలా?’ అని అడిగింది. పాత నిబంధనలో దేవునికి భయపడమనడం వెనుక ఉద్దేశమేమిటి? వినయమంటే నోరు మూసుకోవడమేనా?

సమాధానం: మీ ఉత్తరంలో మీ నాన్నగారి బరికె, కమిటీ లెక్కలు, మీ అమ్మాయి ప్రశ్న మూడూ ఒకే మాట చుట్టూ తిరుగుతున్నాయి కాబట్టి ముందు ఆ మాట సంగతి చూద్దాం.

మన తెలుగు బైబిల్ ‘భయభక్తులు’ అన్నచోట హీబ్రూలో సాధారణంగా ఉండేది ‘యిర్ఆ’ అనే ఒక్క మాట. ఏదెను తోటలో ఆదాము చెట్ల మధ్య దాక్కొని ‘భయపడితిని’ అన్నప్పుడూ, ఏశావు నాలుగువందల మందితో వస్తున్నాడని విని యాకోబు వణికినప్పుడూ వాడిన క్రియ కూడా ఈ ధాతువు నుంచి వచ్చినదే. అందువల్ల ‘ఇక్కడ భయమంటే భయం కాదండీ, ఒట్టి గౌరవమే’ అని తేలికపరిచే వ్యాఖ్యానంతో నేను ఏకీభవించలేను. ఆ మాటలో నిజమైన భయమే ఉంది. అయితే అది దెబ్బకు జడిసే భయంతో ఆగిపోయేది కాదు. మన అనువాదకులు ఈ చిక్కును గమనించి, తెలుగులో అప్పటికే వాడుకలో ఉన్న జంటపదాన్ని తెచ్చి అక్కడ పెట్టడం మంచి పనే అని నా అభిప్రాయం. కానీ జంటపదానికి ఒక ఇబ్బంది ఉంది: చదివేవాడు తనకు నచ్చిన సగాన్ని పట్టుకొని రెండో సగాన్ని వదిలివేయవచ్చు. మీ నాన్నగారు మొదటి సగాన్ని పట్టుకున్నారు. హీబ్రూ మాటను అలా విరవడం సాధ్యం కాదు.

ఆ మాట ఎంత లోతైనదో నిర్గమకాండము 20వ అధ్యాయం 20వ వచనంలో కనిపిస్తుంది. సీనాయి కొండ పొగలు కక్కుతోంది, ఉరుములు, బూరధ్వని వినిపిస్తున్నాయి. జనం దూరంగా జరిగి, దేవుడు మాతో మాట్లాడితే చచ్చిపోతాం, నువ్వే మాట్లాడు అని మోషేను బతిమాలుతున్నారు. అప్పుడు మోషే ఒకే వాక్యంలో వారిని భయపడవద్దని చెప్పి, మీరు పాపం చేయకుండేలా ఆయన భయం మీకు కలగాలనే దేవుడు వచ్చాడని కూడా అంటాడు. ఒకే ధాతువు ఒకే వచనంలో ఒకసారి నిషేధంగా, ఒకసారి ఉద్దేశంగా వచ్చింది. జనాన్ని కొండ నుంచి వెనక్కి నెట్టిన భయాన్ని మోషే వద్దంటున్నాడు; తప్పు చేయబోయే చేతిని ఆపే భయాన్ని కావాలంటున్నాడు. 1204లో మరణించిన యూదు పండితుడు మైమోనిడీస్ తన ధర్మశాస్త్ర సంకలనం మొదట్లోనే ఈ భయం మనిషికి ఎలా కలుగుతుందో వివరిస్తూ, మనిషి దేవుని అద్భుతమైన సృష్టిని గమనించినప్పుడు ముందు ప్రేమ పుడుతుందనీ, అదే ఆలోచనలో ఇంకా కొంత దూరం పోయేసరికి తానెంత అల్పజీవినో తెలిసి ఉలిక్కిపడి వెనక్కి తగ్గుతాడనీ అంటాడు. ఆ వివరణలో శిక్ష ప్రసక్తే లేదు. ప్రేమ ముందు, భయం తరువాత అనే ఈ వరుస మీరు పెరిగిన ఇంట్లో తలకిందులైంది.

మీకు బహుశా ఎవరూ చెప్పని సంగతి మరొకటి ఉంది. ‘నీ దేవునికి భయపడవలెను’ అనే ఆజ్ఞ లేవీయకాండములో అయిదు చోట్ల వస్తుంది. అది ఎవరితో చెప్పిన మాటో చూడండి. చెవిటివాణ్ణి తిట్టకు, గుడ్డివాడి దారిలో అడ్డం వేయకు, నీ దేవునికి భయపడు అని మొదటిసారి (19:14). తల నెరిసినవాని ఎదుట లేచి నిలబడమన్నప్పుడు రెండోసారి (19:32). పొలం క్రయవిక్రయాల్లో ఒకరినొకరు అన్యాయం చేసుకోవద్దన్నప్పుడు, దివాలా తీసిన సోదరుడి దగ్గర వడ్డీ గుంజవద్దన్నప్పుడు, అమ్ముడుపోయిన సోదరుడిపై కఠినంగా పెత్తనం చేయవద్దన్నప్పుడు మిగిలిన మూడుసార్లు (25:17, 36, 43). తనను తిట్టారని చెవిటివాడికి తెలియదు. అడ్డం వేసిందెవరో గుడ్డివాడు చూడలేడు. అప్పు తీసుకున్నవాడు ఎదురు తిరగలేడు. పదకొండవ శతాబ్దపు యూదు వ్యాఖ్యాత రాషీ గుడ్డివాడి వచనాన్ని, సంగతి తెలియని మనిషికి స్వార్థంతో తప్పుడు సలహా ఇవ్వడానికి అన్వయిస్తాడు: నీ పొలం అమ్మి గాడిదను కొనుక్కో అని చెప్పి, ఆ పొలాన్ని తానే కాజేయడానికి మాటు వేసినవాడి గురించి ఈ వచనం అంటాడు. అలాంటివాడు నేను మంచి మనసుతోనే చెప్పానని తప్పించుకోగలడు. వాడి మనసులో ఏముందో తోటివారికి తెలియదు. అందుకే అక్కడ ‘నీ దేవునికి భయపడు’ అని చేర్చవలసి వచ్చిందట.

అంటే ఆ అయిదు చోట్లా భయపడమన్నది బలం ఎవరివైపు ఉందో వారిని. రాజుకు పెట్టిన నియమం కూడా ఇదే తీరులో ఉంది: ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం ప్రకారం రాజు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి రాసుకొని బతికినన్నాళ్లూ చదవాలి, దేనికంటే యెహోవాకు భయపడడం నేర్చుకోవడానికి, తన సహోదరులకంటే తాను గొప్పవాణ్ణని అతని హృదయం ఉబ్బకుండా ఉండడానికి. భయమూ వినయమూ ఒకే వాక్యంలో, ఒకే మనిషికి, దేశంలో అందరికంటే ఎత్తున కూర్చున్నవాడికి చెప్పారు. ఈ లెక్కన మీ ఇంట్లో ‘తెలివికి మూలము’ అన్న ఆ సామెత వల్లించవలసినది బరికె పట్టుకున్న మనిషి. మీ నాన్నగారు చెడ్డవారని నేను అనను. తాను నేర్చుకున్నదే మీకు నేర్పాలనుకొని ఉంటారు. యెషయా 29వ అధ్యాయంలో దేవుడు చేసిన ఫిర్యాదు సరిగ్గా ఈ వారసత్వం గురించే: వీళ్లు నాయెడల చూపే భయం మనుషులు విధించగా వల్లెవేసి నేర్చుకున్నది అంటాడు. మీ నాన్నగారి మీద మీకు ఇంకా మిగిలి ఉన్న కోపాన్ని దేవుని మీద కోపంగా పొరబడకండి.

ఇప్పుడు వినయం. సంఖ్యాకాండము 12:3 మోషేను భూమి మీద ఉన్నవారందరిలో మిక్కిలి సాత్వికుడు అంటుంది. హీబ్రూలో అక్కడి మాట ‘అనావ్’. మనకు సాత్వికుడనగానే గొంతు పెంచని, ఎదురు చెప్పని, ఎవరేమన్నా చిరునవ్వుతో తల ఊపే మనిషి కళ్లముందు మెదులుతాడు. అటువంటి మోషే బైబిల్ మొదటి అయిదు కాండాల్లో నాకు ఎక్కడా కనిపించడు. ఫరో ఎదుట నిలబడి ఎన్నాళ్లు నీవు తగ్గించుకోకుండా ఉంటావని అడిగినది ఆయనే. ఈ జనానికి ఎందుకు కీడు చేశావని దేవుణ్ణే నిలదీసినదీ ఆయనే. దేవుని ఆజ్ఞలున్న రాతి పలకలు నేలకేసి కొట్టినదీ ఆయనే. సాత్వికుడు అన్న మాట ఎక్కడ వచ్చిందో చూడండి: అక్కా అన్నా అయిన మిర్యాము, అహరోనులు తన మీద మాట్లాడినప్పుడు ఆయన ఒక్క జవాబూ చెప్పలేదు, పైగా మిర్యాముకు కుష్ఠు కలిగితే ఆమెను బాగుచేయమని మొరపెట్టాడు. తన పరువు విషయంలో మౌనం, జనం విషయంలో గట్టిగా మాట్లాడడం, ఈ రెంటినీ కలిపి ఆ గ్రంథం వినయం అంటోంది.

అబ్రాహాము సంగతీ ఇదే. ‘ధూళియు బూడిదెయునైన నేను’ అన్న మాటను మనం ప్రార్థనల్లో తల వంచుకొని వల్లిస్తాం. ఆయన ఆ మాట అన్నది సొదొమ పట్టణాన్ని నాశనం చేయవద్దని దేవునితో బేరమాడుతూ! సర్వలోకానికీ తీర్పు తీర్చేవాడు న్యాయం చేయకుండునా అని అప్పటికే అడిగేశాడు. యాభై మంది నీతిమంతుల దగ్గర మొదలుపెట్టి నలభై అయిదు, నలభై, ముప్పై, ఇరవై, పది దాకా తగ్గించుకొచ్చాడు. తాను ధూళినని తెలిసిన మనిషి దేవుణ్ణే అన్నిసార్లు అడగగలిగినప్పుడు, చందాల పుస్తకం తెరవమని మీరు కమిటీని ఒకసారి అడగడం వినయలోపం ఎలా అవుతుందో నాకు బోధపడదు.

మందిరం లెక్కల గురించి ఆ లేఖనాలు మౌనంగా కూడా లేవు. నిర్గమకాండము 38వ అధ్యాయం చివర, అరణ్యంలో ఆరాధన కోసం కట్టిన ప్రత్యక్షపు గుడారానికి వచ్చినదెంత, ఏ పనికి ఎంత వాడారు అన్న జాబితా ఉంది. మోషే ఆజ్ఞ ప్రకారం అహరోను కొడుకు ఈతామారు చేతి మీదుగా లేవీయులు ఈ లెక్క కట్టారు. బంగారం 29 తలాంతుల 730 షెకెళ్లు. మన తెలుగు బైబిల్‌లో తులం అంటే ఈ షెకెలే. వెండి 100 తలాంతుల 1,775 షెకెళ్లు. ఆ వెండి ఎక్కడిదో కూడా రాశారు: జనాభా లెక్కలో చేరిన 6,03,550 మంది పురుషులు తలకు అర షెకెలు ఇచ్చారు. సగం చేస్తే 3,01,775 షెకెళ్లు. తలాంతుకు 3,000 చొప్పున నూరు తలాంతులు పోగా మిగిలేది 1,775. లెక్క ఒక్క షెకెలు తేడా లేకుండా సరిపోతుంది. ఆ వంద తలాంతుల వెండి దిమ్మలకు పోయింది. మిగిలిన 1,775తో స్తంభాల వంకులు, అంటే కొక్కేలు, చేశారు. ఆదివారం పాఠాల్లో ఈ అధ్యాయాన్ని దాటేస్తుంటారు, విసుగు పుట్టిస్తుందని. మీ కమిటీ సమావేశంలో మాత్రం ఇది గొంతెత్తి చదవదగ్గదే.

ఈ అధ్యాయం మీద యూదుల మిద్రాష్ వ్యాఖ్యానంలో ఒక కథ ఉంది. మోషే నడిచి వెళుతుంటే వెనుక నుంచి జనం, ఆ మెడ చూడు, ఎంత బలిసిందో, మన సొమ్మే తింటున్నాడు, అని గుసగుసలాడేవారట. పక్కవాడు, అంత పని చేతిలో ఉన్నవాడు సంపాదించుకోడా మరి అని జవాబిచ్చేవాడట. అది చెవిన పడిన మోషే, పని ముగియగానే లెక్క అప్పగిస్తానన్నాడు. లెక్క చెప్పడానికి కూర్చున్నాక 1,775 షెకెళ్లు ఎటు పోయాయో గుర్తు రాక, ఇక నన్ను దొంగనంటారని కంగారుపడ్డాడట. తల ఎత్తి చూస్తే ఆ వెండి స్తంభాల వంకుల రూపంలో కనిపించింది. భూమి మీద అందరిలోకీ వినయవంతుడైన మనిషిని ఆ కథకులు లెక్క చెబుతూ చెమటలు పడుతున్నవాడిగా ఊహించుకున్నారు. యూదు గురువుల పాత ధర్మనియమాల సంకలనమైన మిష్నాలో ఇంకా కచ్చితమైన నియమాలే ఉన్నాయి: ప్రజల సొమ్ము మీద ఇద్దరికి తక్కువ కాకుండా అధికారులుండాలి; దేవాలయ ఖజానా గదిలోకి డబ్బు తీయడానికి వెళ్లేవాడు మడత అంచున్న బట్ట, చెప్పులు వేసుకొని పోకూడదు, ఎందుకంటే రేపు వాడు ధనవంతుడైతే ఖజానా సొమ్ముతోనే అయ్యాడంటారు; మనిషి దేవుని ఎదుట ఎంత నిర్దోషిగా ఉండాలో మనుషుల ఎదుట కూడా అంత నిర్దోషిగా ఉండాలి.

మీకు ఎదురుగా ఒక వచనం రావచ్చు, ముందే చెబుతాను. రాజులు రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో, పనివారికి ఇవ్వడానికి డబ్బు ఎవరి చేతికి అప్పగించారో వారిని లెక్క అడగలేదు, వారు నమ్మకస్థులు, అని ఉంది. ఎవరైనా దాన్ని చదివితే, దయచేసి ఆ పైనున్న వచనాలు కూడా చదవమనండి. యూదా రాజు యోవాషు ఏలుబడిలో ఇరవై మూడో ఏడు వచ్చినా యాజకులు మందిరపు బీటలు బాగుచేయలేదు. రాజు వారిని పిలిచి, ఎందుకు చేయలేదని అడిగాడు. ఇకమీదట డబ్బు వారి చేతికి పోకుండా యాజకుడు యెహోయాదా ఒక పెట్టె మూతకు బెజ్జం చేసి బలిపీఠం పక్కన పెట్టాడు. పెట్టె నిండినప్పుడల్లా రాజుగారి లేఖకుడు, ప్రధాన యాజకుడు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి సంచుల్లో కట్టారు. నమ్మకం అన్న మాట ఇంత ఏర్పాటు జరిగాక వచ్చింది.

ఇంతవరకూ మీ పక్షానే మాట్లాడాను. ఇక మీకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ‘మా సంఘంలో దేవునికి భయపడేవాణ్ణి నేనొక్కణ్ణేనేమో’ అని రాశారు. అబ్రాహాము కూడా గెరారు అనే పరాయి ఊళ్లో ఈ పొరపాటే చేశాడు. ఈ స్థలంలో దేవుని భయం లేదు, నా భార్య కోసం నన్ను చంపేస్తారు అనుకొని శారాను చెల్లెలని చెప్పాడు. తీరా చూస్తే రాజు అబీమెలెకు కలలో దేవుని మాట విని తెల్లవారగానే లేచి సేవకులందరినీ పిలిచి చెప్పాడు. ఆ మనుషులు మిగుల భయపడ్డారని ఆదికాండము 20వ అధ్యాయం అంటుంది, అదే ధాతువుతో. ఆ ఊళ్లో దేవుని భయం ఉంది. దాన్ని చూడలేకపోయింది అబ్రాహామే. అంత మంది మీవైపు చూసినప్పుడు, అవన్నీ నిందించే చూపులే అని మీకెలా తెలుసు? వారిలో కొందరు మీరు అడిగినందుకు సంతోషించి, మీలాగే నోరు విప్పలేక ఊరుకొని ఉండవచ్చు.

కాబట్టి ఇలా చేయండి. ఆ కొందరిలో ఒకరిద్దరితో ముందు మాట్లాడండి. తరువాత వారితో కలిసి కమిటీకి గౌరవంగా ఒక ఉత్తరం రాయండి: ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలు, వాటికి ఇద్దరి సంతకాలు, ఇంతే అడగండి. ఎవరి మీదా అనుమానం రాయవద్దు. మోషే వెనుక గుసగుసలాడినవారి జాబితాలో మీ పేరు చేరకూడదు. ఆ ఆదివారపు ప్రసంగాన్ని ఉత్తరంలో ఎత్తవద్దు, అది మీ పరువుకు సంబంధించినది, లెక్కకు సంబంధించినది కాదు. లెక్క సరిగ్గా తేలితే, కమిటీలో అడిగినంత బాహాటంగానే లేచి నిలబడి లెక్క సరిగ్గా ఉందని చెప్పండి. అడగడం కంటే ఇది మీకు కష్టంగా ఉండవచ్చు. సంఘం రిజిస్టరై ఉంటే చట్టప్రకారం మీకున్న హక్కుల సంగతి వకీలును అడగవలసినది. అక్కడిదాకా పోకుండానే తేలుతుందని ఆశిద్దాం.

మీ అమ్మాయికి రెంటిలో ఒకటి ఎంచుకొని జవాబు చెప్పకండి. ద్వితీయోపదేశకాండము 10:12లో యెహోవా నిన్ను అడుగుతున్నదేమిటి అన్న ప్రశ్నకు జవాబుగా భయపడడమూ ప్రేమించడమూ ఒకే వాక్యంలో వస్తాయి. 130వ కీర్తన చదివించండి. నీ దగ్గర క్షమాపణ ఉంది, అందువల్ల జనం నీకు భయపడతారు అని అందులో ఉంది. శిక్షిస్తావు గనుక అని కాదు, క్షమిస్తావు గనుక అని. పన్నెండేళ్ల పిల్లకు ఇది విడ్డూరంగా తోచి మళ్లీ అడుగుతుంది, అడగనివ్వండి. మొదటి శతాబ్దపు గురువు యోహానాన్ బెన్ జక్కయి మరణశయ్య మీద శిష్యులను దీవిస్తూ, మనుషులకు భయపడినంత మీరు దేవునికి భయపడుదురు గాక అన్నాడట. అంతేనా అని శిష్యులు నిరుత్సాహపడితే, అంతమాత్రం ఉంటే చాలు, తప్పు చేసేవాడు ఎవరూ చూడకపోతే బాగుండునని కదా అనుకుంటాడు, అన్నాడని యూదు గురువుల చర్చల సంకలనమైన తాల్ముద్ చెబుతుంది. దీనికి ఆమె తప్పకుండా నవ్వుతుంది.

ఆ తరువాత నిర్గమకాండము మొదటి అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. పుట్టిన మగపిల్లలను చంపేయమని ఐగుప్తు రాజు ఆజ్ఞాపిస్తే షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు దేవునికి భయపడి ఆ పని చేయలేదు. రాజు పిలిచి నిలదీస్తే వారు తడబడకుండా జవాబు చెప్పారు. అంత దేశాన్ని ఏలిన ఆ ఫరో పేరు ఆ గ్రంథంలో లేదు, ఈ ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కథ అయ్యాక, ఇందులో ఎవరు ఎవరికి భయపడ్డారో చెప్పమని ఆమెను అడగండి. కమిటీకి మీరు రాయవలసిన ఉత్తరం మాత్రం అంతకు ముందే రాసి పంపండి; ఎందుకంటే ఆ మంత్రసానుల సంగతి విన్న మరుక్షణం, ఆ ఆదివారం నువ్వెందుకు మాట్లాడలేదు నాన్నా అని ఆమె అడుగుతుంది.